అమావాస్య నాడు ఆట మగ్గం

గద్వాలలో మా వీధికి కొత్త మనిషి వస్తే ఎవరో, ఎందుకొచ్చారో తెలిసేదాకా నాకు అన్నం సయించదు. చంద్రకళ మగ్గం దగ్గర ఎవరో పిల్లగాడు కెమెరా పెట్టుకుని కూర్చున్నాడని విన్న పూటే, బియ్యం చాట చంకన పెట్టుకుని వాళ్ల అరుగెక్కాను.

చంద్రకళ పుట్టింది రాజోలిలో. నేతవాళ్ల పిల్ల, నేతవాళ్ల కోడలు. పెళ్లయి మా వీధికి వచ్చింది మొదలు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి చీరలు నేస్తూనే ఉంది. ఈమధ్య మోకాళ్లు పట్టేశాయి. గుంత మానేయమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. మానేసి ఏం చేయాలి? "నాకు ఇంకో పని రాదవ్వా" అని నా దగ్గర ఎన్నిసార్లు అందో.

ఆ వచ్చిన పిల్లగాడు స్టీఫెన్. వనపర్తిలో చిన్న ఆఫీసు పెట్టుకుని వీడియో గేములు తయారు చేస్తాడు. ఈసారి కొత్త ఆట కోసం టీవీ ముందు నిలువు పోగులు కట్టిన ఒక చిన్న మగ్గం నిలబెట్టాడు. ఆడేవాళ్లు, నేతలో అడ్డపోగు తీసుకెళ్లే నాడెను అటూ ఇటూ విసిరి కాళ్ల కింది పలకలు తొక్కితే తెర మీద చీర పెరుగుతుంది. తప్పు తొక్కితే అంచులో నెమలి ముక్కు వంకర పోతుంది. హైదరాబాద్‌లో గేముల మేళా ఉందని, స్టాలు వెనక కూర్చుని తెగిన పోగులు ముడివేయడానికి చంద్రకళను రమ్మన్నాడు. అక్కడ ఆట బాగా సాగితే ఆఫీసులోనే పని ఇస్తానన్నాడు, కుర్చీలో కూర్చుని కొత్త అంచులు గీసే పని. కోడలిని ఒంటరిగా పంపనంది అత్త నారాయణమ్మ. నన్ను ఎవరూ అడగకముందే నేను సంచి సర్దుకున్నాను.

అబ్బ, ఆ హాలు! ఈ చెవిలో తుపాకులు, ఆ చెవిలో గుర్రాలు. నల్ల పరదా వెనక మాకు రెండు కుర్చీలు, కాళ్ల కింద అంతా వైర్లు. పిల్లలు నాడెను క్రికెట్ బంతిలా విసిరేవాళ్లు. పోగు తెగినప్పుడల్లా చంద్రకళ పరదాలోంచి చేతులు చాపి చటుక్కున ముడివేసేది. బయటివాళ్లకు ఆ చేతులే కనిపించేవి. నేను పరదా సందులోంచి ఎవరెవరు వచ్చారో చూస్తుండేదాన్ని.

మర్నాడు స్టాలు ముందు పెద్ద వరుస. అప్పుడే నారాయణమ్మ ఫోన్ చేసింది.

"చంద్రీ, ఇయ్యాల అమాస. పోగు ముట్టకు, యాదుంచుకో."

మా వీధిలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. అత్తారింటికి వచ్చాక చంద్రకళ ఆ పట్టింపు ఒక్కసారీ తప్పలేదు. మేళా సందడిలో తిథే మరచిపోయింది. ఫోన్ పెట్టేసిందో లేదో, బయట టప్పున పోగు తెగింది.

స్టీఫెన్ పరదాలోకి తల పెట్టాడు. "అక్కా, తెగింది. లైన్ల అందరు ఆగిండ్రు."

"ఇయ్యాల ముట్టొద్దు తమ్మీ. అమాస."

"ఇది గేమక్కా!"

"మగ్గం మగ్గమే కద."

పాపం, అతను తల వెనక్కి తీసుకున్నాడు. బయట ఒక్కొక్కరే పక్క స్టాలుకు జారుకుంటున్నారు. చంద్రకళ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పని పోతోందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇక ఊరుకోలేక నారాయణమ్మకు వీడియో కాల్ కలిపాను.

"ఏంది బాలనాగమ్మక్కా, పొద్దుగాల్నే నీ మొఖం?"

"నా మొఖం ఇడిసి గీ మగ్గం సూడు."

పరదా సందులోంచి ఫోన్ అటు తిప్పాను, మగ్గం ముందు ఎర్ర అంగీ పిల్లగాడొకడు ఉత్తగానే పలకలు తొక్కుతున్నాడు. ఆమె కళ్లు చికిలించి చూసింది. "గుంతేది?"

"గుంత లేదు. నిలబడే ఆడుతరు."

"నాడెల నూలేది?"

చెయ్యి చాపి నాడె తీసి చూశాను. "నూలూ లేదు. ఉత్త నాడె."

"మరి బట్ట ఎంత దిగింది?"

"బట్టనా? జానెడు గూడ లేదు. చీరంత టీవీలనే."

నారాయణమ్మ పకపక నవ్వింది. "నూలు లేని నాడె ఎంత తిరిగితే ఏంది, బట్ట దిగదాయె. గది నేత ఎట్లయితది? పిల్లల బొమ్మ. ముడెయ్యమను చంద్రిని. ఉట్టిగ పరేషాన్ చేస్తిని దాన్ని."

చంద్రకళ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది. "నిజంగనేనా అత్తమ్మా? తప్పు లేదా?"

"నేనే చెప్తున్న కద. జల్దీ వెయ్. ఆ ఎర్రంగి పోరడు ఎడమ కాలు తొక్కుతనే లేడు, జర చెప్పు వానికి."

చంద్రకళ చేతులు పరదా దాటాయి. ముడి పడింది, తెర మీద నెమలి కదిలింది. స్టీఫెన్ ఊపిరి వదిలి వైర్ల పెట్టె మీద కూలబడ్డాడు. వరుస మళ్లీ పెరిగింది. మేళా ముగిసేసరికి, వచ్చే నెల నుంచి ఆఫీసుకు రమ్మని అతనే అడిగాడు.

ఇప్పుడు చంద్రకళ వనపర్తి బస్సెక్కి పనికి పోతోంది. మొన్న నేనూ వెళ్లి చూశాను. కుర్చీలో కూర్చుని కాళ్లు ముందుకు చాపుకుని కాగితం మీద హంసలు గీస్తోంది.

"మోకాళ్లు నొస్తలేవా?" అన్నాను.

"నొస్తయి అవ్వా. జరసేపు లేసి తిరుగుత, మల్ల కూసుంట. చాయ్ తాగుతవా?"