మామగారు కట్టిన గాలం

మొన్న మధ్యాహ్నం మనవరాలు ఫోన్‌లో ఏదో వీడియో చూస్తుంటే నేనూ పక్కన చేరాను. ఎక్కడో చలిదేశంలో ఒకాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, సాల్మన్ చేపకు ఎలాంటి కర్ర కావాలో, ఏ దారం ఆగుతుందో, ఏ గాలం కొనాలో ఓపిగ్గా చెబుతున్నాడు. "నీకు బోర్ కొడుతుంది నానమ్మా" అంది అది. బోరేమిటి! ఆ ముచ్చట్లన్నీ నేను పెడనలో తలుపు వెనక నిలబడి చెప్పినదాన్ని.

అరవైల మొదట్లో మాట. కొత్తగా కాపురానికి వెళ్లాను. అత్తవారిది కలంకారీ అద్దకం పని, ఇల్లంతా కరక్కాయ వాసన. నాది బందరు. మా నాన్న ఉప్పుటేటి ఒడ్డున గాలం వేసి పండుగప్ప చేప పట్టుకొస్తే, అమ్మ పొయ్యి రాజేసేదాకా అది బుట్టలో తోక కొట్టుకుంటూనే ఉండేది. నా పెళ్లికి ముందు ఏడాదే ఆయన పోయారు. నేను కడుపుతో ఉండి, వేవిళ్లతో మెతుకు ముట్టలేక చిక్కిపోతుంటే, ఏం తినాలనుందో చెప్పమని అత్తగారు బతిమాలారు. నాన్న పట్టిన చేప అని నోరు జారి, వెంటనే ఏడ్చేశాను.

ఆ మాట మామగారి చెవిన పడింది. ఆ చేప తానే పట్టుకొస్తానన్నారు. ఆయన జన్మలో గాలం ముట్టి ఎరుగరు. పైగా మా ఇళ్లలో కోడలు మామగారి ఎదుటపడి మాట్లాడే ఆచారం లేదు. అందుకని ఆయన వసారాలో, నేను తలుపు వెనక, మధ్య గుమ్మంలో బియ్యం ఏరుతూ అత్తగారు.

"ఏమే, కర్ర ఎంత పొడుగుండాలో అడుగు."

"నాన్న తన నిలువుకి రెండింతలు కోసేవారత్తయ్యా. కొస సన్నంగా ఉండి, వంచితే మళ్లీ లేవాలి."

ఇంత దగ్గరలో ఎవరికి వినపడదు? అయినా ప్రతి మాటా అత్తగారి మీదుగా వెళ్లాల్సిందే. "మీ ఇద్దరి మధ్యా నేను రాళ్లు వదిలేసి బియ్యం పారేస్తున్నానండీ" అని ఆవిడ విసుక్కున్నారు. నీటి మీద తేలడానికి జీలుగు బెండు, బతికున్న రొయ్య ఎర, అన్నీ కుదిరాయి. దారం దగ్గరే పేచీ వచ్చింది. బందరు కొట్లలోకి అప్పుడప్పుడే నైలాను దారం వచ్చింది, నాన్న చివర్లో అదే వాడేవారు. అది చెప్పించాను.

"కంటికి ఆనని దారం కూడా ఒక దారమేనా? నూలు గురించి మనకొకరు చెప్పాలా?" అన్నారు మామగారు.

మంచి నూలు ఎంచి గట్టిగా పేనించి, ఉప్పునీటికి చెడకుండా కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెట్టారు. కమ్మరి చేత లావుపాటి ఇనుప గాలం చేయించి దానికి కట్టారు. మంచిరోజు వచ్చేదాకా ఆ సరంజామా అంతా చూరుకి వేలాడింది.

ఆ రోజు వేకువనే సైకిలు మీద మంగినపూడి తీరం వైపు వెళ్లి, సాయంత్రానికి ఖాళీ బుట్టతో వచ్చి అరుగు మీద కూలబడ్డారు. "పడిందే! ఒడ్డుదాకా వచ్చింది. దాని కళ్లు కూడా చూశాను" అన్నారు అత్తగారితో. గాలం కట్టిన ముడి దగ్గరే దారం తెగిపోయింది. ఆ కొస మసిలా నల్లగా ఉంది. కరక్కాయ పట్టిన నూలుకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. దుప్పట్ల మీద నలుపు ఆయన అద్దేది అలాగే. ఇనుము ఎక్కువైతే నూలుని తినేస్తుందని పనివాళ్లని రోజూ కేకలేసేదీ ఆయనే. అత్తగారు నవ్వు ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తారు.

గుమ్మం ఖాళీ అయింది. ఆయన ఒకసారి దగ్గారు.

"అమ్మాయ్, మీ నాన్నగారు ఆ నైలాను దారం ఏ కొట్లో కొనేవారమ్మా?"

తలుపు వెనక నుంచి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. కొట్టు సంగతి చెప్పాను. ఇనుము దారానికి తగలకుండా గాలానికి కళాయి పూత ఉండాలని చెప్పాను. ఆయన మా నాన్న గురించి ఒక్కొక్కటే అడుగుతుంటే, నాన్న పోయాక ఎవరితోనూ అనని మాటలన్నీ చెప్పుకుంటూ పోయాను. మామగారు వింటూనే ఉన్నారు. అత్తగారు దీపం పెట్టి అన్నానికి లేపేదాకా మాకు పొద్దు తెలియలేదు. ఆ రాత్రి ఏం కూరో గుర్తు లేదు కానీ, కంచం ఖాళీ చేసి మారు అన్నం అడిగాను.

తర్వాత ఆయన పండుగప్ప పట్టారు, పెద్దదేం కాదు. నాన్న లేకుండా గడిచిన కాలం నాకు ఆ సాయంత్రంతోనే ముగిసిందని అప్పుడు తెలియలేదు. అలాంటివి జరిగేటప్పుడు తెలియవు, వయసు మళ్లాక తీరిగ్గా తెలుస్తాయి.