రైలు దిష్టి, ఆటో దిష్టి

మద్రాసు పెరంబూరులో మా మేడ మీది గది ఖాళీగానే ఉంది. అద్దెకిస్తారా అని ఎవరైనా అడిగితే మా అమ్మ "లేదు సామీ, పైన మనిషుండాది" అని నిలువునా అబద్ధమాడుతుంది. నేను పక్కనే ఉండి అవునని తలూపుతాను. ఆ మెట్ల మీద ఇంకెవరి చెప్పుల చప్పుడూ వినాలని నాకూ లేదు.

ఆ మనిషి మిజోరం పిల్ల. నర్సింగ్ చదువుకోవడానికి వచ్చింది. వచ్చిన నెలలోనే మా అమ్మని అమ్మా అనీ, నన్ను అక్కా అనీ పిలవడం మొదలుపెట్టింది. మేం తాతల కాలం నుంచీ ఈ ఊరివాళ్లం, మా తెలుగులో సగం అరవమే. ఆ కలగూరగంపనే పట్టుకుని ఆ పిల్ల పొద్దున్నే మెట్లు దిగుతూ "అమ్మా, ఈడ ఉండావా?" అని కేకేసేది. ఆ కేక వినందే నాకు కాఫీ గొంతు దిగేది కాదు.

బయట మాత్రం ఎవడికి పడితే వాడికి ఆమె చైనా. లోకల్ రైల్లో కుర్రాళ్లు ఆమెను చూసి కళ్లు చికిలించి వెక్కిరించేవాళ్లట. ఏ దేశమని అడిగిన ఆటోవాడు, ఈ దేశమే అంటే నమ్మకుండా కార్డు చూపించమన్నాడట. ఆస్పత్రిలో ఒక ముసలాయన ఆమె చేత సూది వేయించుకోనని మొండికేశాడట. వాళ్ల మొహాలు మండ! వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. తను మాత్రం నవ్వుతూ చెప్పేది. కొన్నాళ్లకి చెప్పడం మానేసింది. ఆ తరవాత నవ్వడం కూడా. చివరికి కాలేజీకి పోవడమే మానేసి గదిలో ఉండిపోయింది.

ఒక సాయంత్రం పప్పుచారు గిన్నెతో పైకి వెళ్లాను. కిటికీ మూసి ఉంది, గదంతా ఉక్క. ఒక్కతే ఉండి కూడా మాస్కు పెట్టుకుని కూర్చుంది. గోడకున్న అద్దం మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఏంటే ఇది?" అన్నాను.

"అందరికీ అలుసు ఈ మొహమే గదక్కా. నాకూ చూడబుద్ధి కాలేదు" అంది.

ఏం చెప్పాలో తోచక అమ్మని కేకేశాను. అమ్మ ఆయాసపడుతూ వచ్చి, అద్దాన్ని చూసి, పిల్లని చూసి, క్షణంలో తేల్చేసింది.

"దిష్టి! ఊరంతా బిడ్డనే గుడ్లప్పగించి చూస్తా ఉంటే తగలకేం జేస్తాది?"

"ఇది దిష్టి కాదమ్మా" అన్నాను చిరాగ్గా.

"నువ్వూరుకోమ్మే. పరాయోళ్ల కళ్లు జేసే చెరుపే గదా దిష్టంటే? ఇది అది గాక ఇంకేంది?"

నేను వెళ్లి కిటికీ తెరిచాను.

అమ్మ పిల్లని చెయ్యి పట్టి కిందికి తెచ్చి, వంటింట్లో కూర్చోబెట్టి, మాస్కు తీయించింది. మెడలో శిలువ కనబడితే "ఏసయ్య ఏమీ అనుకోడులే" అంది. గుప్పెట్లో కళ్లుప్పూ ఎండుమిరపకాయలూ పట్టి మొహం చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టితో ఆపలేదు. "రైలు దిష్టి, ఆటో దిష్టి, సూదొద్దన్న ముసలోడి దిష్టి, తూ, అన్నీ పోవాల!" అంటూ పొయ్యి మంటలో వేసింది. మిరపకాయలు మాడాయి గానీ ఘాటు రాలేదు. దిష్టి గట్టిగా తగిలితే ఘాటు రాదని మా వాళ్ల నమ్మకం.

"చూసినావా, ఎంత తగిలుండాదో! తప్పు నీ మొహానిది గాదు బంగారూ, చూసినోళ్ల కళ్లది" అంది అమ్మ. ఆ పిల్ల అమ్మ ఒళ్లో తల పెట్టి బావురుమంది.

దిష్టి తీస్తే నయమైందని నేను చెప్పను. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇది దిగులు జబ్బు, మందులూ కావాలి, మాట్లాడే మనిషీ కావాలి అందావిడ. కొంత తేరుకుంది, కానీ రైలు పేరెత్తితే వణికేది. చివరికి వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. వెళ్లే రోజు కూడా అద్దం మీది తువ్వాలు తీయలేదు.

తరవాత ఫోన్లు చేసేది, మొహం మాత్రం చూపించేది కాదు. "ఒక్క తూరి కనపడవే" అని అమ్మ బతిమాలేది. నాకా పిల్ల మీద ఎంత బెంగంటే, రైల్లో అలాంటి మొహం కనబడితే చాలు, తేరిపార చూసేదాన్ని. చూసి నాలిక్కరుచుకుని తల తిప్పుకునేదాన్ని.

మొన్న ఆదివారం వీడియోలో కనబడింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బుగ్గలు తేరాయి. "అమ్మా, ఈడ ఉండావా?" అంది. అక్కడి కాలేజీలోనే మళ్లీ చేరిందట. ఇక ఆ రైళ్లెక్కడానికి ఇటు రాలేనంది.

"రాకుంటే మాన్లే. ఇట్టా కనపడు, సాలు" అని కళ్లు తుడుచుకుని, అమ్మ ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి ఉప్పూ మిరపకాయలూ తీసింది.

ఆ పిల్ల నవ్వింది. "ఈడ అందరివీ నా మాదిరి మొహాలే అమ్మా. నన్నెవరూ చూడరు. దిష్టెట్టా తగులుతాది?"

"మేం చూస్తా ఉండాం గదే. అన్నిటికన్నా అమ్మ దిష్టే పెద్దది" అంటూ అమ్మ ఫోన్ చుట్టూ తిప్పి మంటలో వేసింది.

"ఘాటొచ్చిందా?" అని అడిగింది ఆ పిల్ల.

అమ్మ పొయ్యి మీదికి వంగి గట్టిగా పీల్చి చూసింది.

"లేదు బిడ్డా, రవ్వంత గూడా రాలా."