మామ రెండు సీట్ల కారుకు ఇంజను ఎంచిన ఆదివారం

1955 మార్చి 13, ఆదివారం. కర్నూలు, మేస్త్రీ షెడ్డు. ఉన్నవాళ్లు: మామ, అత్త, మేస్త్రీ, డోన్ శెట్టి, నేను.

మామ అంటే మా అమ్మకు అన్న. నందికొట్కూరు దగ్గరి పల్లెలో సేద్యం. చిన్నతనంలో వచ్చిన జ్వరానికి ఎడమకాలు సన్నబడి, మోకాలి కింద బలం లేకుండా పోయింది. మేస్త్రీ కార్లు, జీపులు బాగుచేసే పెద్దవయసు సాయిబు. శెట్టికి డోన్‌లో శనక్కాయల నూనె మిల్లు ఉండేది, మామకు బడినాటి స్నేహితుడు. నేను రాజధాని కార్యాలయంలో కొత్తగా చేరిన గుమాస్తాను. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని; ఊరంతా గుడారాలు, ఫైళ్లు, సర్కారు జీపులు. అద్దెకు గది దొరికినవాడు అదృష్టవంతుడు.

మేం చేరింది మామ కారు కోసం. మనదేశం వదిలిపోతూ ఒక దొర అమ్మిన కారు అది. రెండే సీట్లు, గుడ్డ కప్పు, సైకిలు చక్రాలకున్నట్టు పుల్లల చక్రాలు. నేలకు జానెడు ఎత్తున పాకుతున్నట్టు పోయేది. పల్లెలో పిల్లలు దాన్ని ఉడుము అనేవాళ్లు. షోకుకు కొన్నాడని బంధువులు ఆడిపోసుకున్నారు గాని, అసలు సంగతి మామ దాంట్లో కూర్చునేటప్పుడు చూస్తే తెలిసేది. తలుపు తీసి అంచున కూర్చుని, కుడికాలు లోపల పెట్టి, ఎడమకాలిని రెండు చేతులా ఎత్తి లోపలికి తీసుకునేవాడు. ఎవరి సాయమూ అక్కర్లేదు. క్లచ్చి ఎంత మెత్తనంటే ఆ సన్నటి కాలి బరువుకే దిగేది. పొద్దున్నే ఒక్కడే చేనికి పోయి, కూలీలకంటే ముందు గట్టు మీద ఉండేవాడు.

ఆ కారు ఇంజనును పాడు చేసింది నేను. ఫిబ్రవరిలో ఒకరోజు డోన్ నుంచి వస్తుంటే నీళ్లు మరిగి పొగలు కక్కింది. దారి పక్క బావిలోంచి చల్లటి నీళ్లు తెచ్చి వెంటనే పోసేశాను. మామ వద్దనేలోపల లోపలెక్కడో టక్కుమంది. ఇంజను దిమ్మె నిలువునా చీలింది. మేస్త్రీ వేసిన అతుకు ఒక్కపూట నిలిచింది. అప్పటినుంచి మామను ఇద్దరు జీతగాళ్లు చంకల కింద చేతులేసి బండిలోకి ఎత్తాల్సి వచ్చింది. అట్లా రెండుసార్లు చేనికి పోయాడు. మూడోసారి బండి కట్టమనలేదు. అరుగు మీదే కూర్చున్నాడు.

షెడ్డులో రెండు ఇంజన్లున్నాయి. ఒకటి శెట్టి తెచ్చిన జీపుది, సైన్యం వేలంలో కొన్నది. రెండోది మేస్త్రీ మూలన గోనెసంచి కప్పి పెట్టినది. మా కారు చేసిన కంపెనీయే సంసారుల కోసం చేసిన నాలుగు తలుపుల కారుది. ఆ కారు లారీ కింద నలిగినా ఇంజను మిగిలింది.

నేను దర్జీ టేపుతో రెండింటి పొడవు, ఎత్తు, వెడల్పు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. ఎత్తడానికి ఎంతమంది కావాలో, పెట్రోలు ఎంత తాగుతుందో కూడా రాశాను. చేసిన తప్పుకు అదే పరిహారమన్నట్టు గీతలు గీసి మరీ రాశాను.

"కొలతలెందుకప్పా?" అన్నాడు శెట్టి. "జీపుది అరవై గుర్రాల బలం. ఆ మూలదాంట్లో నలభై గూడా లేవు. ఇది ఎక్కించినావంటే డోన్ నుంచి కర్నూలుకు గంటలో వస్తావు."

"గంటలో వచ్చి ఏం జేస్తా? నీ మొగం జూస్తా కూర్చుంటానా?" అన్నాడు మామ.

మేస్త్రీ నవ్వాడు. "రెండూ కూచుంటాయన్నా. చిన్నది చెప్పు తొడిగినట్ల కూచుంటాది. జీపుదానికి బానెట్టు మీద బొక్క కొయ్యాల. ముందు బరువు గూడా శానా ఎక్కువైతాది."

"కొయ్యి! ఏం, అది పెండ్లికూతురి మొగమా?" అన్నాడు శెట్టి.

మామకు మాత్రం ఒకటే బాధ. "సంతలో ఎద్దును కొంటే కాడి కట్టి నాలుగు సాళ్లు తోలి చూస్తాం. ఇదేం బేరం సాయిబూ, కట్టినాక గానీ తెలీదే!"

నిజంగా మేమంతా ఎద్దుల బేరానికి వచ్చినట్టే ఉన్నాం. మా సీమలో మగవాళ్లకు బలం కొలిచే విద్య అదొక్కటే వచ్చు. శెట్టి జీపు ఇంజనును గంగడోలు నిమిరినట్టు నిమురుతున్నాడు. మామ చుట్టూ తిరిగి చూస్తున్నాడు. పళ్లు లెక్కపెట్టడమొక్కటే తక్కువ.

అప్పటిదాకా డబ్బామీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్న అత్త అంది: "కాడికి ఒకపక్క ఎద్దునే చూస్తాండారు. రెండోపక్క కట్టేది ఏందో చూసినారా? ఆ పెడలు తొక్కాల్సింది యాడుండాదో చూడండి."

ఆమె చూపు మామ ఎడమకాలి మీద ఉంది. నా నోటుబుక్కులో ఆ కాలికి వరస లేదు. పెద్ద ఇంజనుకు క్లచ్చి స్ప్రింగులు కూడా గట్టివని, అవి దానితోబాటే వస్తాయని మేస్త్రీకి తెలుసు. చెప్పడానికి నోరు తెరిచి, మామ మొహం చూసి మూశాడు.

శెట్టి గబగబా అన్నాడు: "దాన్దేముందక్కా, పక్కనే నా జీపుండాది గదా, దాన్దీ ఇట్లాంటి ఇంజనే. మీ ఆయన్ను దాంట్లో ఎక్కించి చూద్దాం. పట్టుకోప్పా అల్లుడా, అటుపక్క నువ్వు, ఇటుపక్క నేను."

మామ ముఖం ఎర్రబడింది. చేతికర్రను నేలకేసి కొట్టాడు. "నన్నెవరూ ఎత్తబన్లే. సాయిబూ, జీపుదే ఎక్కియ్యి. ఇంగ మాటొద్దు."

అత్త విసరడం ఆపేసింది. ఆమె ఆ మాట అనకపోయుంటే, శెట్టి చెయ్యి వెయ్యబోకపోయుంటే మామ అంత తొందరపడేవాడు కాదని ఇన్నేళ్లకూ అనుకుంటాను. మేస్త్రీ "రేపు పొద్దున మొదలుపెడ్తా" అన్నాడు. శెట్టి తన జీపుకు బ్రేకులు సరిచెయ్యమని అక్కడే వదిలి, బంధువులింటికి పోయాడు. మామ, అత్త నా గదికి వచ్చారు. భోజనాల దగ్గర పచ్చిమిరపకాయల ఊరుబిండి పచ్చడి గురించే మాట్లాడుకున్నాం.

మర్నాడు తెల్లవారుతుండగా మామ నన్ను తట్టి లేపాడు. అత్త నిద్రలో ఉంది. "నడువు, షెడ్డు దాకా పోయొద్దాం."

ఆ వేళకు కాలువ మీది గాలి చల్లగా ఉంది. నా భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా నడిచాడు. షెడ్డుకు తడికె తలుపే. లోపల శెట్టి జీపు నిలబడి ఉంది.

"ఎత్తమాక. భుజమియ్యి, చాలు."

ఎక్కడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు జారాడు. సీట్లో కూర్చుని, ఎడమకాలిని చేతులతో ఎత్తి క్లచ్చి మీద పెట్టి తొక్కాడు. అది సగం దాకా కూడా పోలేదు. మోకాలి మీద రెండు అరచేతులూ మోపి ఒళ్లంతా వంచి అదిమాడు. ఈసారి అడుగంటింది. నిలబెట్టాలని చూశాడు. తొడ వణికింది, పాదం పక్కకు జారింది, పెడలు ఠంగుమని పైకి లేచింది.

ఎడమకాలిని చేతులతో ఎత్తి పెడలు పక్కకు తీసి పెట్టుకున్నాడు.

"చిన్నదే ఎక్కియ్యమని చెప్పు" అన్నాడు.

"సరే మామా. ఎందుకంటే ఏం చెప్పాల?"

"బానెట్టు కొయ్యడానికి మనసొప్పలేదని చెప్పు. మీ అత్తకూ అదే చెప్పు."

నమాజు చేసుకుని మేస్త్రీ వచ్చేసరికి మామను దించి బల్లమీద కూర్చోబెట్టాను. చెప్పమన్నది చెప్పాను. ఆయన వేపపుల్ల నములుతూ మామను చూశాడు, జీపును చూశాడు. ఎర్రదుమ్ము పట్టిన జీపులో క్లచ్చి పెడలొక్కటే తుడిచినట్టు మెరుస్తోంది.

"మంచిమాట, అన్నా" అన్నాడు. "అంత అందమైన రేకును కొయ్యమంటే నా చెయ్యి గూడా ఆడదు. శెట్టికి నేనే చెప్తాలే."

మూలన ఉన్న గోనెసంచి లాగేసి, గొలుసు పట్టుకోమని నన్ను పిలిచాడు. ఇంజను నేలను విడిచి లేస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. మామ తనంతట తానే లేచి కారు దగ్గరికి పోయాడు. ముందుభాగం ఖాళీగా ఉంది. తలుపు తీసి, అంచున కూర్చుని, కాలెత్తి లోపల పెట్టుకుని, ఏమీ తగిలించని క్లచ్చిని తొక్కుతున్నాడు.

"ఎన్ని దినాలు పడుతుంది సాయిబూ?"

"పది. ఉగాదికి నీ చేన్లో ఉంటావు."

"ఒక్కన్నే పోతా" అన్నాడు మామ.