చెంబుకు తిరిగిన పిల్ల

మా యత్త విశ్వాసమ్మకు ఏదన్నా ఎందుకని తేలకపోతే తిన్న కూడు అరగదు. కోడి ఒంటికాలి మీద ఎందుకు నిలబడతాదో చూస్తా కూచోని, పొయ్యి మీద ఎసరు మరిచిపోయే మనిషి. ఆ ఎసరు చూసుకోవాల్సింది కోడల్ని నేను గదా, నా కోపం నాకుండాది.

మాది వేంపల్లె దగ్గర పల్లె. రెండో యుద్ధం ఇంకా రాకముందు మాట ఇది. చర్చి వసారాలోనే బడి. చిన్నపిల్లోళ్లకు అక్షరాలు దిద్దించేది మా యత్తే. ఏ బిడ్డకన్నా మాట రాకపోయినా, నడక ఆలస్యమైనా, తల్లులు "ఒకసారి చూడక్కా" అని ఆమె దగ్గరికే ఎత్తుకొచ్చేవాళ్లు.

అట్లనే కూలికి పోయే జీవమ్మ కూతుర్ని ఎత్తుకొచ్చింది. ఆ పిల్లకు నాలుగేండ్లు నిండినా నోట్లో ఒక్క మాట లేదు, పిలిస్తే పలకదు. పేరుకే జ్ఞానమణి అని ఊరంతా ఎగతాళి. మా యత్త పిల్లను వసారాలో నాపబండల మీద గోడ తట్టుకు తిప్పి నిలబెట్టి, వెనక ఇత్తడి చెంబు ఠంగుమని పడేసింది. పిల్ల గిరుక్కున తిరిగింది. మళ్లీ పడేస్తే మళ్లీ తిరిగింది.

"చెవులు బాగుండాయి జీవమ్మా. వట్టి మొండితనం, అంతే," అని తేల్చేసింది మా యత్త.

జీవమ్మ మొగం వాడిపోయింది. చెవుడైతే దేవుడిట్ల చేసినాడు అనుకోవచ్చు. వినపడతానే అమ్మకు పలకదంటే ఏమనుకోవాల? ఆ పొద్దు నుంచి పిలవడం, పలకకపోతే వీపున ఒకటి ఇయ్యడం, తర్వాత తానే కూలబడి ఏడవడం.

ఒకనాడు ఏటికి నీళ్లకు పోయినాము. గట్టు మీద పెండ్లి ఊరేగింపు పోతాంది. తప్పెట్ల మోతకు పిల్లకాయలంతా లగెత్తినారు. జ్ఞానమణి మాత్రం ఇసకలో గుంత తవ్వుకుంటా తల కూడా ఎత్తల్యా. మా యత్త కడవ ఆడనే దించేసింది.

"చెంబుకు తిరిగిన పిల్ల తప్పెటకు తిరగదేందే?"

"నాకేం తెలుసత్తా? కడవ ఎత్తుకో, పొద్దు పోతాంది," అన్నా. వింటే గదా!

తిరిగొచ్చినాక చెవుల్లో దూది కుక్కుకోని, కండ్లు మూసుకోని, వసారాలో ఉత్తకాళ్లతో నిలబడింది. నన్ను చెంబు పడేయమనింది. ఈమెకు పిచ్చి ముదిరిందిరా నాయనా అనుకుంటా పడేసినా.

"ఒసే! బండ అదురు అరికాలికి తెలుస్తాందే!" అని ఎగిరింది.

మరుసటి పొద్దున జ్ఞానమణిని తీసుకొచ్చి, అదే వసారాలో నులక మంచం మీద కాళ్లు ముడిపించి కూచోబెట్టింది. వెనక చెంబు పడేసింది. పిల్ల కదలల్యా. ఇంకా గట్టిగా పడేసింది. ఊహూ. దించి బండ మీద నిలబెట్టి పడేసింది. గిరుక్కున తిరిగింది.

అంతసేపూ మిలమిలలాడిన మా యత్త కండ్లు నేలకు వాలిపోయినాయి. "నేనే తప్పు చెప్పినా. ఆ తల్లి చేత కొట్టించినా," అనింది. నేరుగా జీవమ్మ వాళ్ల గుడిసెకు పోయింది. నా మాట విని బిడ్డను కొట్టినావు, అది మొండిది కాదు, చెవిటిది, బండ అదిరితే కాళ్లకు తెలిసి తిరిగింది అని మొగం మీదే చెప్పేసింది. జీవమ్మ మా యత్త జుట్టు పట్టుకుంటాదేమోనని నేను అడ్డం పోయినా.

జీవమ్మ నన్ను పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా అడిగింది. "అయితే నా బిడ్డకు నేనంటే కిట్టక కాదా అక్కా?"

"కాదు తల్లీ. నీ గొంతు దానికి ఒక్కసారన్నా వినపడల్యా."

జీవమ్మ కొంగు నోట్లో కుక్కుకోని వసారాకు పరిగెత్తింది. పిల్ల గోడ తట్టు తిరిగి, సున్నం గోక్కుంటా నిలబడి ఉండాది. జీవమ్మ వెనక నిలబడి మడమతో బండను ఒక్క తన్ను తన్నింది. పిల్ల తిరిగింది. అమ్మను చూసి రెండు చేతులూ చాపింది.

ఎత్తుకునింది, ముద్దు పెట్టుకునింది, దించింది, గోడ తట్టు తిప్పి మళ్లీ తన్నింది. మళ్లీ తిరిగి నవ్వింది పిల్ల. పొద్దుగూకేదాకా తల్లీకూతుర్లకు అదే ఆట. ఆ రోజు ఎసరు నేనే మరిచిపోయినా.