అన్నకు పంపిన గ్లాసు

ఆదివారం మధ్యాహ్నం మా ఊళ్లో పొట్టేలు అనే పబ్బుకు ఎవరు వెళ్లినా చోటు దొరుకుతుంది. యజమానురాలు డోరీన్ అందరినీ పేరుపేరునా పలకరిస్తుంది. పిల్లలు బల్లల కింద దూరి ఆడుతున్నా, కుక్కలు పొయ్యి ముందు అడ్డంగా పడుకున్నా ఎవరూ కసరరు. ఇంత కలుపుగోలు చోట ఇద్దరు అన్నదమ్ములు ఇరవై ఏళ్లకు పైగా మాటామంతీ లేకుండా కూర్చున్నారంటే, మా యార్క్‌షైర్ లోయల మొండితనం గురించి ఇంక చెప్పేదేముంది!

తమ్ముడు హెడ్లీ పొలాల మధ్య రాతిగోడలు పేర్చేవాడు. అన్న ఆంబ్రోస్ గొర్రెలు పెంచేవాడు. తండ్రి పోయిన వారానికే ఆంబ్రోస్ ఆయన కుక్కను పక్క లోయవాళ్లకు అమ్మేశాడు. అది తన దగ్గరే ఉంటుందని హెడ్లీ ఆశపడ్డాడు. ఆ రోజు నుంచి పబ్బులో హెడ్లీ ముందుగదిలో, ఆంబ్రోస్ వెనకగదిలో. మధ్యలో బీరు పోసే బల్ల. రెండు గదులకూ అదొక్కటే కావడంతో ఒకరికొకరు కనిపిస్తూనే ఉండేవారు. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ఉండడం కూడా ఒక పనే. ఇద్దరూ దాన్ని వారం వారం శ్రద్ధగా చేశారు.

ఆ చలికాలం అన్న మెడ చుట్టూ చొక్కా కాలరు వదులుగా వేలాడడం హెడ్లీ కంటపడింది. వయసు మీద పడిందనుకున్నాడు. ఇంకా ఎన్నాళ్లీ పంతమని కూడా అనుకున్నాడు. అన్న కావాలనిపించింది. అంతే, వేరే కారణమేమీ లేదు.

మా దగ్గర మగవాళ్లు తప్పయిందని నోటితో అనరు. ఒక గ్లాసు బీరు పంపుతారు. అవతలివాడు తాగాడా, గొడవ తీరినట్టే. ఆ ఆదివారం డోరీన్ వంటగదిలో మాంసం కోస్తూ తీరిక లేకుండా ఉంది. బల్ల దగ్గర పట్నం నుంచి వచ్చిన ఆమె చెల్లెలు మావిస్ నిలబడింది. హెడ్లీ అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, వెనకగదిలో కిటికీ పక్కన కూర్చున్న ఆయనకు ఒక గ్లాసు ఇవ్వమన్నాడు. ఎవరిచ్చారంటే తన పేరు చెప్పమన్నాడు.

మావిస్ గ్లాసు పెట్టింది, ఇటువైపు చూపించింది. ఆంబ్రోస్ తలెత్తాడు. ఇన్నేళ్లకు అన్న కళ్లు తన మీద పడేసరికి హెడ్లీ ఆనందంగా నవ్వాడు. తన గ్లాసు కాస్త పైకెత్తాడు. ఆంబ్రోస్ ఆ బీరు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని చేతికి అందనంత దూరం నెట్టి, టోపీ పెట్టుకుని, పిల్లలను తప్పించుకుంటూ బయటికి నడిచాడు.

"చూశావా బెట్టు," అన్నాడు హెడ్లీ, పళ్లేలతో అప్పుడే బయటికొచ్చిన డోరీన్‌తో. "బీరు పంపితే నెట్టేసి పోయాడు."

డోరీన్ పళ్లేలు అక్కడే దించేసింది.

"ఆంబ్రోస్‌కా? ఎంత పని చేశావయ్యా! ఆయన గొంతులో రాచపుండు. గుక్కెడు నీళ్లు కూడా దిగట్లేదు, కడుపులోకి గొట్టం వేశారు. ఊరికే మనుషుల మధ్య కూర్చోడానికి వస్తున్నాడు. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. జాలిపడతావని."

హెడ్లీ రోడ్డు మీదికి పరుగెత్తేసరికి అన్న బండి మలుపు తిరిగిపోయింది. కొండ మీది ఇంటిదాకా నడిచాడు. వదిన ఈడిత్ తలుపు తీసింది. ఆమె మొహం చూడగానే విషయం అక్కడికి చేరిందని అర్థమైంది.

"నాకు తెలీదు వదినా," అన్నాడు.

"నీకు తెలీదనే నేనూ అన్నాను. నీకెవరో చెప్పేశారంటాడు, వినట్లేదు. మింగలేని గొంతును చూసి తమ్ముడు నవ్వాడని కాగితం మీద రాసి చూపిస్తున్నాడు. నా మాట నమ్మడు హెడ్లీ. నువ్వే వచ్చి చెప్పు. మెలకువగానే ఉన్నాడు."

ఆమె తలుపు బార్లా తెరిచింది. నడవా చివర గదిలో అన్న దుప్పటి కొస కనబడింది. వెళ్లి మంచం పక్కన నిలబడి మూడు ముక్కలు చెబితే సరిపోయేది. హెడ్లీ గడప దాటలేదు. పుట్టాక ఏ మగవాడికీ, పబ్బు బయట, మనసులో మాట చెప్పి ఎరగడు. ఇంట్లో, పట్టపగలు, చేతిలో గ్లాసు లేకుండా ఏమని మొదలుపెట్టాలో ఆ వెర్రిమనిషికి తెలియలేదు.

"ఇప్పుడు అలిసిపోయి ఉంటాడులే వదినా," అన్నాడు. "వచ్చే ఆదివారం వెనకగదిలోకి వెళ్లి నేనే కూర్చుంటాను. అక్కడ చెప్తాను."

ఈడిత్ నెమ్మదిగా తలుపు వేసింది.

ఆంబ్రోస్ గురువారం పోయాడు. తమ్ముడు తనను చూసి నవ్వాడనే అనుకుంటూ పోయాడు.