మైకు సద్దు మలిపిన కార్తీకం

కార్తీకానికి మా జమ్మలమడుగు భజన గుడికి మైకు వస్తాందని మొదట నాకు చెప్పింది గాజులమ్మే. గంప వాకిట్లో దించి, గాజులు గలగలమనకుండా పైట కప్పి, నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది.

"ప్రొద్దుటూరు సాయబు తెస్తాండాడంట పాపా. ఒక హారను అంగడి వీధిలో, ఇంకోటి మీ మిద్దె ఎదురు స్తంభానికి."

వేరే ఏడాదయితే సంబరపడేదాన్ని. ఆ రోజు మాత్రం పోయి గది తలుపు దగ్గరగా వేసినాను. లోపల చీకటి గదిలో మా అత్త ధనుర్వాతంతో పడుంది. చేన్లో కాలికి తుమ్మముల్లు దిగితే పీకేసి, పసుపద్ది, మరిచిపోయింది. దవడ బిగుసుకున్నాక డాక్టరు సూది వేసి, "ఇంక వెలుతురు తగలనీకండి, సద్దు అసలే వద్దు" అన్నాడు. గ్లాసు జారి పడితే చాలు, అత్త ఒళ్లు విల్లులా వంగిపోయేది. ఆమెకు ఊపిరి మళ్లా ఆడేదాకా నాకూ ఆడేది కాదు. బాయి గిలకకు గుడ్డ చుట్టినాను, నా చేతి గాజులకు పేలిక కట్టినాను.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. పులివెందులలో మా నాయన ఇసకలో అక్షరాలు దిద్దించి అత్తగారింటికి పంపినాడు. ఆ అక్షరాలు పట్టుకుని పుస్తకం చదివేదాకా నన్ను నడిపించింది ఈ అత్త. అంతెందుకు, గుడికి రాలేని ఆడోళ్లకు కూడా భజన వినపడాలని, మైకు కావాలని రెండేళ్లుగా పోరు పెట్టింది కూడా ఈమెనే.

దేవుని పేరు మా ఇంట్లోకి రాకుండా చూడమని ఆ దేవునికే మొక్కుకున్నాను. ఆ మొక్కు మంచిదో చెడ్డదో తేల్చుకోలేక గదికీ వాకిలికీ మధ్య తిరుగుతానే ఉన్నాను.

మైకు రానే వచ్చింది. "హలో, హలో" అని స్తంభం మీది హారను అరిచింది. అత్త వీపు మంచం మీంచి లేచిపోయింది. ఆడబిడ్డను పక్కన కూచోబెట్టి గుడికి పరిగెత్తినాను.

గుడి అరుగు మీద మైకు ఇనప పెట్టె ఉంది. జల్లెడ వెనక గాజు బుడ్లు కుంపట్లో నిప్పుల మాదిరి వెలుగుతాండాయి. సద్దు పెంచి తగ్గించే మర మీద చెయ్యి పెట్టుకుని సాయబు, ఆయన పక్కన భజన పెద్ద, మా మామకు తమ్ముడు.

"చిన్నమామా, అత్త వంగిపోయింది!"

"సాయబూ, తగ్గియప్పా!"

సాయబు మర తిప్పినాడు. అంతలోనే అంగడి వీధి నుంచి ఒకాయన రొప్పుకుంటా వచ్చినాడు. "ఏందప్పా, దోమలతో భజన చేయిస్తాండారా? ఆడ ఒక్క ముక్క వినపళ్లే!"

చిన్నమామ గొర్లకాపరి దగ్గర కంబళి తెచ్చి, నిచ్చెన వేసి మా ఎదురు హారను నోట్లో కుక్కినాడు. సాయబు మర మళ్లా పెంచి స్తంభం కాడికి వచ్చినాడు. అది ఇంకా అన్యాయం. మాటలు అణిగినాయి గానీ కుండలో తుమ్మెద దూరినట్టు గోడల గుండా ఒకటే హోరు. చిన్నమామకు రోషమొచ్చి తీగ పీకబోయినాడు.

"మామా, చెయ్యి తియ్!" సాయబు గొంతు అంత పెద్దదని అప్పుడే తెలిసింది. "రెండు హారన్లూ ఒకే తీగ మీద, ఒకదాని వెనక ఒకటి ఉండాయి. ఇది పీకితే అదీ మూగబోతాది. పెట్టె మాత్రం కరెంటు తోస్తానే ఉంటాది. తోసింది పోయే దావ లేకుంటే లోపలిది కాలిపోతాది."

"మరి ఆ మర దేనికి, తిప్పి ఆడుకునేకా?"

"అది బాయికాడి తూము మామా. ఆడ తగ్గిస్తే అన్ని మళ్లకూ తగ్గుతాది. ఒక్క మడికి నీళ్లు వద్దంటే కాలవకాడ మలపాల. మలిపిన నీళ్లు యాడికో ఒక చోటికి పోవాల గదా?"

"యాడికి పంపుతావు?"

"వేడిలోకి."

ఆసుపత్రిలో సూదులు కాగబెట్టే కరెంటు పొయ్యిది పాత తీగచుట్ట ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. కొంచెం కొంచెం తుంచి, ముల్లున్న మీటరుతో కొలిచి, హారనుకు సరితూగే ముక్క చూసుకుని పగిలిన పెంకుకు చుట్టి, స్తంభం కింద ఇటికరాయి మీద పెట్టినాడు. హారను విప్పి దాని తావులో ఆ ముక్క కట్టినాడు. పెట్టెకు తేడా తెలియలేదు. ఇక్కడి హారను వాటా ఇటికరాయి మీద ఊరికే వేడెక్కుతాంది. అంగడి హారను వాటా దానికి పోతానే ఉంది.

"మీ భజన ఈడ కాలతాందక్కా" అన్నాడు సాయబు.

"చలి ముదిరితే చేతులు కాచుకుంటాం పో" అన్నాడు చిన్నమామ.

నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం అత్త కాలివేళ్లు చూస్తా కూచున్నాను. అంగడి వైపు నుంచి ఏటి అవతల పాడినట్టు వస్తాంది పాట. వేళ్లు కదల్లేదు. అయినా కుదురు చిక్కలేదు. ఆ తీగ తెగితే? ఎవరైనా తెలియక హారను మళ్లా తగిలిస్తే? లేచి కిటికీ సందులోంచి చూస్తే సాయబు స్తంభం కిందే కూచుని ఉన్నాడు. మర చిన్నమామకు ఒప్పజెప్పి, గీత పెట్టి, "దీన్ని దాటి తిప్పొద్దు" అని చెప్పి వచ్చినాడంట. ఆ నెలంతా ప్రతి సాయంత్రం అట్లే కూచున్నాడు.

నెల చివర్లో అత్త దవడ వదిలింది. చెంచాతో గంజి దిగింది. పొద్దుగూకే వేళ నా చెయ్యి పట్టుకుని, "ఈ ఏడు భజన... లేదా?" అంది. ఆ మాట సాయబుకు చెప్పేకి స్తంభం కాడికి పోయినాను.

"ఒకేసారి ఇయ్యకూడదక్కా" అన్నాడు సాయబు. తీగచుట్ట ఉన్నచోటే ఉంచి, దాంట్లో ఒక చిన్న ముక్కకు అటూ ఇటూ హారను తీగలు తగిలించినాడు. ఆ చిన్న ముక్క మీది వాటాలో కొంచెం హారనుకు, మిగతా అంతా వేడికి. నేను ఇంట్లోకి వచ్చి అత్త వీపు కింద చెయ్యి పెట్టుకుని కూచున్నాను.

పక్కింటామె వంట చేసుకుంటా కూనిరాగం తీసినంతగా వచ్చింది పాట. నా అరచేయి కింద వీపు బిగుసుకోలేదు. అత్త పెదాలు పాటతో కదిలినాయి.

అత్త ఆ తర్వాత శానా ఏళ్లు బతికింది. మరుసటి కార్తీకానికి ప్రొద్దుటూరు నుంచి వేరే మనిషి వచ్చి, సాయబు జ్వరంతో పోయినాడని చెప్పినాడు. అప్పటి నుంచి అత్త దీపం పెట్టేటప్పుడు మా అందరితో పాటు ఆయన్నూ తలుచుకునేది. ఆమె పోయినాక నేను తలుచుకుంటాండాను. నా వెనక ఆ పని చేసేవాళ్లు మా ఇంట్లో లేరు. ఇది చదివిన మీరు ఏ దేవునికి దండం పెట్టేవాళ్లయినా సరే, ప్రొద్దుటూరు మైకు సాయబును ఒక్కసారి తలుచుకోండి.