పొద్దుటి అరగ్లాసు

మొన్న సూది వేయించుకోవడానికి పోతే నర్సు స్పిరిట్ దూదితో నా జబ్బ తుడిచింది. ఆ వాసనకు సిగ్గులేని నా ముక్కు దానంతటదే ముందుకు సాగింది. "తాతా, సూది జబ్బకు, ముక్కుకు కాదు" అన్నదా పిల్ల. ఏడో తరగతిలోనే బడి మానేసినా, ఈ ఒక్క సబ్జెక్టులో నా ముక్కు పెద్ద చదువులే చదివింది. మిగతా ఒంటికి పాఠం చెప్పింది మాత్రం మార్తమ్మ.

పందొమ్మిది వందల డెబ్భైలలో నేను హైదరాబాద్ పత్తర్‌గట్టి వెనక సందులో ముత్యాలకు బెజ్జాలు వేసేవాణ్ణి. ముత్యాన్ని చెక్కలో బిగించి విల్లుతో బర్మా సూదిని తిప్పాలి. చెయ్యి వెంట్రుకవాసి జరిగితే ముత్యం పగులుతుంది. సాయంత్రాలు సారాయి తాగే నాకు పొద్దున చేతులు వణికేవి. ఒక్క వారంలో మూడు పగలగొట్టాను. "ఇంకొక్కటి పగిల్తె నీ జాగల ఇంకొకడు కూసుంటడు" అన్నాడు మా దుకాణం యజమాని ఉస్తాద్. నాకేమో వేరే పని రాదు. మా వరుసలో పనివాళ్లందరూ నమ్మిన ఉపాయమే నేనూ పట్టుకున్నాను: లేవగానే అరగ్లాసు పోస్తే చెయ్యి రాయిలా నిలబడుతుంది!

పక్కింటి మార్తమ్మ సర్కారు దవాఖానలో నర్సు. ఆమె ముందు గొప్పలు పోతే తిట్టలేదు. "అట్లనా? చూద్దాం" అని, మరునాడు పొద్దున నా చెయ్యి చాపించి వేళ్ల మీద కాగితం పరిచింది. గాలి లేని గదిలో కాగితం గలగలలాడింది. అరగ్లాసు తాగి వచ్చాక మళ్లీ పరిచింది. కదల్లేదు.

"ఓడిపోయినవ్ అక్కా!"

"పగటి అన్నానికి వస్తవు గద, అప్పుడు గూడ చూద్దాం."

మధ్యాహ్నం కాగితం పొద్దుటికంటే ఎక్కువ ఎగిరింది. నా మొహంలో నవ్వు దిగిపోయింది.

"సారాయి నరాలను అణుస్తది తమ్మీ. రోజూ అణుస్తుంటె అవి ఎదురు తంతయి. సారాయి దిగినంక అణిచేది పోతది, తన్నుడు మిగుల్తది. గదే వణుకు. నీ అరగ్లాసు దాన్ని పోగొడ్తలేదు, కొంచెంసేపు దాస్తున్నది, అంతే."

"మరి తాగితె కార్జం చెడుతదంటరు, దాని సంగతేంది?" అన్నాను. మేక కార్జం వేపుడు తప్ప కార్జం గురించి నాకేమీ తెలియదు.

"తాగినదాన్ని విరగ్గొట్టి పంపేది గదే. అలిసినా నొప్పని చెప్పది. కొవ్వు పడుతది, గట్టిపడుతది. మనకు తెలిసేసరికి కండ్లు పచ్చగైతయి."

"అయితే ఈ పూటనుంచే బంద్!" అన్నాను వీరుడిలా.

అంతదాకా భయపడని మనిషి అప్పుడు భయపడింది. "ఒక్కసారే ఆపితె ఫిట్స్ రావొచ్చు, పానమే పోవచ్చు. నడువు నాతోని."

తనే తీసుకుపోయి దవాఖానలో చేర్చింది. చెమటలు, వాంతులు, మంచం మీద లేని ఎలుకలు కనిపించడం. డ్యూటీ అయ్యాక కూడా పక్కన కూర్చుని, "ఎలుక ఏం రంగుంది?" అని అడిగేది.

"ఆకుపచ్చ."

"నయం. నీకంటె ముందు పేషెంటుకు ఏనుగొచ్చింది."

నవ్వే ఓపిక లేకున్నా నవ్వాను.

రెండు నెలలకు ఉస్తాద్ తన ఎదుటే నాకొక ముత్యం బిగించి ఇచ్చాడు. బర్మా ఈ కొస నుంచి ఆ కొసకు శుభ్రంగా దిగింది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, నా పాత జాగ వైపు తల ఊపాడు.

ఇప్పటికీ ఎవరేం గట్టిగా చెప్పినా, నేనే కనిపెట్టిందైనా సరే, మధ్యాహ్నం దాకా ఆగి మళ్లీ చూడందే నమ్మను. అది ఆమె పెట్టిన అలవాటే. కానీ ఆ రోజు అంత బుద్ధి ఎక్కడిది? దుకాణం నుంచి సీదా ఆమె ఇంటికి ఉరికాను.

"అక్కా, చెయ్యి మంచిగైంది గద, ఇగ పండుగకు ఒక్క గ్లాసు తాగొచ్చా?"

మార్తమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"తాగు తమ్మీ. ముందు పగిలేది ముత్యమో నువ్వో, నేను గూడ చూస్త."